సమాధానం: జూనియర్ల దగ్గర ఆగిపోతున్న జుపైటర్ నోట్‌బుక్

తమ్ముడూ, మారతహళ్లిలో మీ జూనియర్లకి పంపిన జుపైటర్ నోట్‌బుక్ (కోడ్‌ని సెల్స్ అనే ముక్కలుగా రాసి నడిపే ఫైలు) మూడో సెల్ దగ్గరే 'నేమ్ ఎర్రర్' (ఆ పేరు తెలీదనే తప్పు) ఇస్తోందన్నావు కదా, నీ లాప్‌టాప్‌లో మాత్రం నడుస్తోందని. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లో సెల్స్ పక్కన బ్రాకెట్లలో అంకెలు చూడు, అవి సెల్స్ నడిపిన వరస. మూడో సెల్‌కి 7, దాని కింద 'రేటు' వేరియబుల్‌కి విలువ ఇచ్చే సెల్‌కి 5. కిందిది ముందు నడిపావన్నమాట. ఆ విలువ నీ కెర్నల్ (వెనక కోడ్‌ని నడిపే ప్రోగ్రామ్) మెమరీలో ఉంది. వాళ్ల కెర్నల్ పైనుంచి వరసగా వస్తుంది, అక్కడికి దానికి 'రేటు' అంటే ఏంటో తెలీదు.

ఆ 'రేటు' సెల్‌ని మూడో సెల్ పైకి జరిపి, కెర్నల్ మెనూలో 'రీస్టార్ట్ కెర్నల్ అండ్ రన్ ఆల్ సెల్స్' కొట్టు. ఎవరికి పంపే ముందైనా ఇది తప్పదు.

వివరణంతా కోడ్ కామెంట్లలో కుక్కావేంటయ్యా? పైన మార్క్‌డౌన్ సెల్‌లో (కోడ్ కాకుండా మామూలు రాత కోసం ఉండే సెల్) రాయి, చదవబుద్ధేస్తుంది. నోట్‌బుక్‌లో స్లైడర్ (జరిపి విలువ మార్చే మీట) సంగతంటావా, గిట్‌హబ్‌లో (కోడ్ ఫైళ్లు పెట్టుకునే సైట్) ఊరికే తెరిస్తే కదలదు, కెర్నల్ నడుస్తుండాలి.