నీలి టిక్కును ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: నమస్తే మేడమ్. నా వయసు 37. కర్నూలులో ల్యాబ్ టెక్నీషియన్‌ని. విడాకులయ్యాయి. మూడో తరగతి చదివే బాబు ఉన్నాడు. మళ్ళీ ఒక తోడు కావాలని ఉంది. అన్నయ్య మ్యాట్రిమోనీలో వివరాలు పెడతానంటున్నాడు. నాకేమో పెళ్ళి మాట ఎత్తకముందే మనిషిని తెలుసుకోవాలని ఉంది. తోటి ఉద్యోగిని చెప్పిన డేటింగ్ సైటులో చేరాను. ఫొటో పెట్టిన గంటలోపే ‘ముగ్గురికి మీరు నచ్చారు’ అని సందేశం వచ్చింది. వాళ్ళెవరో చూడాలంటే డబ్బు కట్టాలట. ఆధార్ రెండు వైపులా ఫొటో తీసి పంపితే నీలి టిక్కు ఇస్తారట. నమ్మవచ్చా? మంచి సైటు ఏదో ఒకటి చెప్పండి.
– పేరు రాయవద్దన్న పాఠకురాలు, కర్నూలు

జవాబు: అమ్మా, ముందు మనిషిని తెలుసుకోవాలన్న మీ కోరిక చాలా సబబైనది. ఆ మాట మీ అన్నయ్యకు కూడా చెప్పండి. రేపు ఎవరినైనా కలవడానికి వెళ్తే, మీరెక్కడున్నారో తెలిసినవాళ్ళు ఇంట్లో ఒకరుండాలి.

ఫలానా సైటులో చేరిపొమ్మని మాత్రం చెప్పలేను. ఎంత పేరున్న చోటైనా మోసగాడు ఖాతా తెరవగలడు. సైటు నడిపేవాళ్ళ నడత ఎలాంటిదో మాత్రం మనం ముందే కనిపెట్టవచ్చు. చేర్చుకునేటప్పుడు అందరూ మర్యాదగానే ఉంటారు. కాబట్టి నేను ముందుగా చూసేది బయటికి వెళ్ళే దారినే. ఖాతాను తొలగించే బటన్ ఎక్కడుందో ఈ సాయంత్రమే సెట్టింగ్స్‌లో వెతకండి. ఖాతా తెరిపించుకునే యాప్ దాన్ని తొలగించుకునే వీలు కూడా కల్పించాలని గూగుల్ ప్లే స్టోర్ నియమం. తర్వాత ఫిర్యాదుల అధికారి పేరు చూడండి. 2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం ఆ పేరు, సంప్రదించే వివరాలు అందరికీ కనిపించేలా పెట్టాలి. అవేవీ లేకుండా ఒక్క ఈమెయిల్ మాత్రమే ఉంటే ఇక ఆ సైటు వద్దు.

ఆ ముగ్గురి సంగతి నన్ను కలవరపెడుతోంది. నిజం మనుషులే కావచ్చు. కాకపోవడానికీ అవకాశముంది. జేడీఐ డేటింగ్ అనే ఇంగ్లాండ్ సంస్థ 18 సైట్లు నడిపేది. ఉచితంగా చేరినవారికి, తానే సృష్టించిన కల్పిత వ్యక్తుల పేర్లతో సందేశాలు పంపేది. జవాబివ్వాలంటే చందా కట్టాలి. ఆ దొంగ ప్రొఫైళ్ళ మీద ‘వి’, ‘సి’ అక్షరాలు కలిపిన చిన్న గుర్తొకటి ఉండేది. వర్చువల్ క్యూపిడ్ అని దానర్థం. ఒంటరితనంతో ఫోను తెరిచిన మనిషి కంటికి అది ఆనుతుందా? పైగా చందా గడువు తీరగానే మళ్ళీ డబ్బు కోసేవారు. వినియోగదారుల తరఫున చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెడితే, 2014లో ఆ సంస్థ 6,16,165 డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. అందుకని ఆ ముగ్గురి కోసం ఇప్పుడే డబ్బు కట్టకండి. ఎప్పుడైనా కట్టవలసి వస్తే ఒక్క నెలకే కట్టి, యూపీఐలో ఆటోపే రద్దయిందో లేదో చూసుకోండి. ఫోనులోంచి యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు.

ఇక నీలి టిక్కు. చాలా చోట్ల దాన్ని సెల్ఫీ చూసి ఇస్తారు. ఫొటోలోని ముఖం, ఫోను పట్టుకున్నవారి ముఖం ఒకటేనని అది చెబుతుంది. ఆయనకు పెళ్ళయిందా, ఉద్యోగం నిజమేనా అన్నది దానికి తెలియదు. దానికోసం ఆధార్ రెండు వైపులా ఎందుకమ్మా? వెనక మీ ఇంటి చిరునామా ఉంటుంది. గుర్తింపు తప్పనిసరైన చోట చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఒప్పుకోకపోతే మానేయండి. ఇచ్చినవి తర్వాత చెరిపించుకోవచ్చులే అనుకోకండి. 2015లో ఆష్లీ మాడిసన్ అనే డేటింగ్ సైటును హ్యాకర్లు కొల్లగొట్టినప్పుడు, 19 డాలర్లు కట్టి తమ వివరాలు పూర్తిగా చెరిపించుకున్నామనుకున్నవారి సమాచారం కూడా బయటపడింది.

అన్నయ్య చెప్పిన దారిని కొట్టిపారేయకండి. మ్యాట్రిమోనీ సైట్లు సభ్యుల గుర్తింపు పత్రాలు తీసుకోవాలని 2016లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. అయినా మోసాలు అక్కడా ఉన్నాయి. విదేశంలో డాక్టరునని చెప్పి, బహుమతి పంపానని నమ్మించి, కస్టమ్స్ పేరుతో డబ్బు గుంజేవారు అక్కడా తిరుగుతుంటారు.

బాబు విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. ‘ఒక బాబు ఉన్నాడు’ అని రాస్తే చాలు. వాడి ఫొటో పెట్టకండి. యూనిఫాం జేబు మీది బ్యాడ్జీని పెద్దది చేసి చూస్తే బడి పేరు తెలిసిపోతుంది. మీ ల్యాబ్ కోటు మీద సంస్థ పేరుంటే ఆ ఫొటో కూడా తీసేయండి.

మాటలు కుదిరితే వీడియో కాల్‌లో చూడండి. ఆ తర్వాత పగటిపూట, జనం మసలే చోట, మీరు ఎంచుకున్న హోటల్లోనే కలవండి. ఆయన కూడా విడాకులయ్యాయంటే విడాకులు మంజూరు చేసిన కోర్టు డిక్రీ నకలు అడగండి, మీది చూపించండి. నేను కుటుంబ సలహా కేంద్రంలో ఉన్నప్పుడు, కేసు వేసిన కాగితాన్నే డిక్రీ అనుకుని నమ్మి వచ్చిన ఆడవాళ్ళను చూశాను. పిటిషన్ మీద కేసు నంబరు ఉంటుంది, తీర్పు ఉండదు. కేసు నడుస్తోందంటే ఆయనకు పెళ్ళి ఇంకా ఉన్నట్టే. నకలు అడిగినందుకు ఆయన చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనివ్వండి.

డబ్బడిగితే, పెట్టుబడి పెట్టమంటే, ఎంత తీయగా అడిగినా మాటలు ఆపేయండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును బ్యాంకులో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఒకవేళ ఈ ఉత్తరం వేశాక ఆధార్ ఫొటోలు పంపేసి ఉంటే, ఆధార్ అధికారిక యాప్‌లో బయోమెట్రిక్స్‌ను ఈ రోజే లాక్ చేసుకోండి.