స్టాప్ బటన్ ఉంటే ఐసొలేటర్ అక్కర్లేదా?

కన్వేయర్ మోటార్ దగ్గర స్టాప్ బటన్ ఉంది, ప్యానెల్ 40 మీటర్ల అవతల వేరే గదిలో ఉంది, ఇది చాలదా, ఐసొలేటర్ (మోటార్‌కు కరెంటును పూర్తిగా తెంచే స్విచ్) కూడా కావాలా అని అడిగారు. చాలదండీ. ఆ బటన్ కాంటాక్టర్ (మోటార్‌కు కరెంటును కలిపి, విడదీసే అయస్కాంత స్విచ్) కాయిల్‌ను మాత్రమే ఆపుతుంది. దాని లోపలి కాంటాక్ట్‌లు అతుక్కుపోయాయంటే మోటార్‌కు కరెంటు వస్తూనే ఉంటుంది.

మీరు పాటించే అమెరికా ఎన్ఈసీ (జాతీయ విద్యుత్ నియమావళి)లో 430.102 సెక్షన్ చూడండి. డిస్కనెక్ట్ స్విచ్, అంటే ఐసొలేటర్, మోటార్ దగ్గర నుంచి కంటికి కనబడాలి, 50 అడుగులు దాటకూడదు. రెండూ కుదరాలి, మధ్యలో గోడ ఉంటే పది అడుగులైనా లెక్కలోకి రాదు.

మినహాయింపు ఉంది కానీ ఇరుకైనది: అక్కడ స్విచ్ పెట్టడం ఆచరణలో కుదరకపోయినా, పెడితే ప్రమాదం పెరిగేలా ఉన్నా, లేదా రాతపూర్వక భద్రతా విధానం, అర్హులైన సిబ్బంది ఉన్న పరిశ్రమైనా, ప్యానెల్ స్విచ్‌కు ఆఫ్‌లో తాళం వేసే వీలుంటే సరిపోతుంది. ఖర్చు ఎక్కువన్నది సాకు కాదు.

ఏదైనా సరే, తాళం వేశాక మూడు ఫేజ్‌లలోనూ కరెంటు లేదని టెస్టర్‌తో చూడందే చెయ్యి పెట్టకండి.