జేసీబీని పిలిచే ముందు

చిరంజీవి నరేందర్‌కు మేనమామ ఆశీస్సులు.

అక్క నిన్న ఫోన్ చేసింది. తాండూరు దగ్గర నువ్వు కొన్న ఏడెకరాల్లో గట్లన్నీ తీయించి ఒకటే చెలక చేయిస్తున్నావట. వాగు వైపు దిన్నె మీది కంపంతా పీకించి చదును చేయిస్తావట. బుధవారానికి జేసీబీ కూడా మాట్లాడావట. ఫోన్‌లో చెబితే "సరే మామా, సరే మామా" అంటావు, పని మాత్రం నీకు తోచినట్టే చేస్తావు. అందుకే కూర్చొని రాస్తున్నాను.

ముందు నా తప్పు చెబుతా. 2006లో నేనూ ఇదే పని చేశాను. ట్రాక్టర్ మలుపుకు అడ్డమని మూడు గట్లు తీసేశాను. పది పన్నెండు గుంటలు కలిసొచ్చింది. దిన్నె మీది తంగేడు, రేగు కంప కొట్టించి అక్కడే తగలబెట్టాను. రెండేళ్ళు సంబరంగా ఉంది, వానాకాలం కంది బాగానే వచ్చింది. మూడో ఏడు బోరు కింద దోస, గుమ్మడి పెట్టాను. తీగ బ్రహ్మాండంగా పారింది. పూత విరగబూసింది. పిందె మాత్రం వేలెడంత అయ్యేసరికి పసుపుబారి రాలిపోయేది. నిలిచిన నాలుగు కాయలూ ఒక కొన ఉబ్బి, ఒక కొన నొక్కేసినట్టు వంకరగా ఉండేవి. మార్కెట్లో ఒక్కొక్కటి చేతిలో తిప్పి చూసి పక్కన పడేశారు.

మందుల దుకాణానికి పోతే బోరాన్ కొట్టమన్నారు, కొట్టాను. పూత నిలవడానికి ఇంకేదో ఇచ్చారు, అదీ కొట్టాను. చివరికి మీ అత్త, ఇద్దరు కూలీలు పొద్దున్నే మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకు అద్దడం మొదలుపెట్టారు. అద్దిన పువ్వల్లా కాయయింది. మట్టిలో లోపం లేదని అప్పుడు తెలిసింది. ఆ కూలి లెక్క వేసుకుంటే పన్నెండు గుంటల మీద వచ్చిన లాభమంతా దానికే సరిపోయింది. పువ్వు నుంచి పువ్వుకు పుప్పొడి మోసే ఈగలు ఏళ్ళ తరబడి ఆ పని ఉచితంగా చేసిపెట్టాయి, కంప తగలబెట్టి వాటిని నేనే తరిమేశాను.

ఈగలంటే నీకు తేనెటీగలే గుర్తొస్తాయి. మనకు తెలిసినవి నాలుగు: చింతకొమ్మకు పెద్ద పెర పెట్టేది, కంపలో అరచేయంత పట్టు పెట్టే జుంటీగ, తొర్రల్లో పుట్టల్లో కాపురం ఉండేది, గోడ సందుల్లో దూరే కుట్టని ముసురు ఈగ. ప్రపంచం మొత్తం మీద తేనెటీగ వర్గానికి చెందిన ఈగజాతులు 20,000 పైనే ఉన్నాయి. తేనె పట్టు పెట్టేవి వాటిలో గుప్పెడు. మిగతావి ఎక్కువగా ఒంటరి కాపురాలు. రాణీ లేదు, కూలి ఈగలూ లేవు, పట్టూ లేదు. తుమ్మెదను మినహాయిస్తే మనవాళ్ళు వీటికి పేర్లు కూడా పెట్టలేదు. పేరు లేని దాని గురించి ఎవరు అడుగుతారు?

ఒంటరి ఈగ బతుకు ఎలా ఉంటుందో చెబుతా విను. తల్లి ఒక్కతే నేలలో సన్నని బొక్క తవ్వుతుంది, లేదా ఎండు కర్రలో చోటు చూసుకుంటుంది. లోపల చిన్న గది కట్టి, పువ్వు పువ్వూ తిరిగి పుప్పొడి తెచ్చి, తేనెతో కలిపి ముద్ద చేసి, దాని మీద ఒక గుడ్డు పెట్టి గది మూసేస్తుంది. మళ్ళీ ఇంకో గది. ఒక్క గది నింపడానికి చాలాసార్లు తిరగాలి. బతికేది కొన్ని వారాలే కాబట్టి మొత్తం మీద కట్టగలిగే గదులు కొన్నే. పువ్వులు దూరమైతే ఒక్కో తిరుగుడుకు ఎక్కువసేపు పడుతుంది, గదులు తగ్గుతాయి. తల్లి లేని ఆ కాసేపట్లో తెరిచిన బొక్కలో పరాన్నజీవి దూరి తన గుడ్డు పెట్టిపోతుంది. నాలుగు మైళ్ళు నడిచి కూలికి వచ్చే మనిషికి పగలెంత మిగులుతుందో చూశావుగా, ఇదీ అంతే.

చిన్న ఒంటరి ఈగలు గూడు నుంచి కొన్ని వందల మీటర్లకు మించి పోవు. చింతచెట్టు మీది పెద్ద తేనెటీగ మైళ్ళు పోగలదు కానీ వీటి రెక్కకు ఆ శక్తి లేదు. కాబట్టి ఇల్లూ తిండీ రెండూ ఆ దూరంలోనే ఉండాలి. 2008లో శాస్త్రవేత్తలు ఐదు ఖండాల్లో 16 పంటల మీద జరిగిన 23 పరిశీలనలను కలిపి లెక్క కట్టారు. అడవి, బీడు లాంటి చోటు నుంచి సుమారు 600 మీటర్లు దూరం పోయేసరికి పంట మీద వాలే ఈగల రాకడ సగానికి పడిపోతుందని తేలింది. అంటే మూడు ఫర్లాంగులు. ఆ వివరం మా అమ్మాయి చదివి వినిపించినప్పుడు దిన్నె నుంచి మా గుమ్మడి మడి దాకా అడుగులు వేసుకుంటూ పోయాను. దిన్నె ఉన్నన్నాళ్ళు రెండువందల అడుగులు కూడా లేదు. దాన్ని తగలబెట్టాక దగ్గర్లో మిగిలిన కంప ఎక్కడుందో అక్కడి నుంచి లెక్కపెడితే మైలు దాటింది.

మన వైపు ఇప్పుడు జరుగుతున్నది ఇదే. నాపరాళ్ళ క్వారీ ఒక దిన్నెను తింటుంది, వెంచర్ ఇంకో బీడును తింటుంది, మనం గట్లను తింటాం. గుడి దగ్గర నాలుగు వేపచెట్లు, శ్మశానం పక్కన తుమ్మలు, చెరువు కట్ట మీద కానుగలు, ఇలా ముక్కలు ముక్కలుగా మిగులుతాయి. ముక్క మిగిలింది కదా అనుకుంటాం. ఇక్కడ ఒక చిక్కుంది, మన ఇళ్ళలో మేనరికాల గొడవ లాంటిదే. (నీ పెళ్ళి సంగతి ఎత్తడం లేదులే, కంగారుపడకు.) ఈగల్లో కలయిక లేని గుడ్డు మగది అవుతుంది, కలయిక అయిన గుడ్డు ఆడది అవుతుంది. చాలా జాతుల్లో ఆడది పుట్టాలంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే ఒక జన్యువు వేరువేరు రకాలుగా ఉండాలి. చిన్న ముక్కలో చిక్కుకొని దగ్గరి బంధువులే కలుస్తుంటే రెండూ ఒకే రకమై, ఆడపిల్ల పుట్టాల్సిన చోట సంతానం కనలేని మగది పుడుతుంది. గూడు కట్టేదీ, పుప్పొడి మోసేదీ ఆడదే కాబట్టి ఆ ముక్క కొన్నేళ్ళలో ఖాళీ అవుతుంది. పక్క ముక్క నుంచి కొత్త ఈగ రావడానికి మధ్యలో దారి ఉండాలి. గట్టే ఆ దారి. నీ ఏడెకరాల గట్లు వాగును చెరువు కట్టతో కలిపే బాటలో ఉన్నాయి. పటం తీసి చూడు, నీకు గూగుల్ ఉందిగా.

ఇక దిన్నె మీది తంగేడు. ఇది నీకు విడమరచి చెప్పాలి, ఎందుకంటే నువ్వు వంగ, టమాటా వేస్తానంటున్నావు. వంగ పువ్వులో పసుపు గొట్టాలు చూశావా? పుప్పొడి వాటి లోపల ఉంటుంది, కొసన సన్నని రంధ్రం. తేనెటీగ వచ్చి పైపైన తడిమి పోతుంది, దానికి చేతకాదు. నల్ల తుమ్మెద వచ్చిందనుకో, పువ్వును కాళ్ళతో గట్టిగా పట్టుకొని వేలాడి, రెక్కలు కదపకుండానే ఒళ్ళు అదిలిస్తుంది. ఎగిరేటప్పటి చప్పుడు కాదది, ఒక్కసారిగా గొంతు పెంచినట్టు "జ్జీ" అని సన్నగా మోగుతుంది. ఉప్పు డబ్బా విదిలించినట్టు పుప్పొడి దాని పొట్ట మీద రాలుతుంది. నడుం మీద నీలి చారలుండే ఇంకో చిన్న ఈగ కూడా ఇదే విద్య చేస్తుంది. తంగేడు పువ్వూ ఇలాంటిదే. అందులో తేనె ఉండదు, పుప్పొడి కూడా అదిలిస్తేనే రాలుతుంది. నీ వంగకు పని చేసేది, వంగ లేని నెలల్లో ఆ తంగేడు మీద బతికే ఈగే. తంగేడు పీకి వంగ వేస్తే పనివాళ్ళ వంటిల్లు కూలగొట్టి పనికి పిలిచినట్టు. పైగా మీ చెల్లెలు మొన్న బతుకమ్మకు తంగేడు పూలు బజార్లో కొన్నదట. తంగేడు గడ్డన పుట్టిన పిల్ల!

కంది విషయం కూడా చెబుతా. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు, అంటే ఆ పేరు ఈ ప్రాంతపు పంటకే చెందుతుందన్న గుర్తింపు, వచ్చిందని మీరంతా వాట్సాప్‌లో పంపుకున్నారు. కంది ఈగ రాకపోయినా తనంతట తాను కొంత కాస్తుంది, అబద్ధం చెప్పను. ఈగ వస్తే ఇంకా బాగా కాస్తుంది. దాని మీదికి వచ్చే మంచి పనిమంతురాలు ఆకు కోసే ఈగ. అది పువ్వు మీద వాలి అడుగు రేకును కిందికి నొక్కితే లోపలి పుప్పొడి బయటికొచ్చి దాని కడుపు కింద పసుపు పూసినట్టు అంటుకుంటుంది. గూడు కోసం ఇదే ఈగ గులాబీ ఆకో, కంది ఆకో కంపాస్ పెట్టి గీసినట్టు గుండ్రంగా కోసుకుపోతుంది. ఆ ఆకు పట్టుకొని పురుగు పడిందని మందు కోసం పరుగెత్తకు. నేను పరుగెత్తాను.

సరే, ఏం చేయమంటావు మామా అంటావు. గట్లు ఉండనీ. ట్రాక్టర్ తిరగాలంటే ఒక్క గట్టులో పది అడుగుల సందు చేయించు, చాలు. గట్టు మీద గడ్డి మందు కొట్టకు. తుమ్మి, గడ్డిచామంతి, వావిలి ఉంటే ఉండనీ, వయ్యారిభామను మాత్రం పూతకు రాకముందే పీకించు. దిన్నె అరెకరం అలాగే వదిలేయి. మన నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిస్తుంది, అందులో బొక్క నిలవదు. నేను చూసినంతవరకు ఈగలు మొరం ఉన్న దిన్నెనూ, ఎండ తగిలే గట్టు పక్కనూ వెతుక్కుంటాయి. పెన్సిల్ దూరేంత బొక్క, పక్కన చిటికెడు మట్టి కుప్ప కనిపిస్తే అక్కడ నాగలి పెట్టకు. ఎండిన వెదురు, మోడు, కిత్తనార కాడ వంటచెరకు కింద కొట్టేయకు, తుమ్మెదకు అదే ఇల్లు.

పువ్వుకు తెరపి లేకుండా చూడు. పత్తి ఒక్కటే వేస్తే కొన్ని వారాలు పెళ్ళి భోజనం, తర్వాత పస్తులు. మోదుగ ఫిబ్రవరిలో, వేప, కానుగ ఎండాకాలంలో, తుమ్మి, తంగేడు, రేగు వానలు పడ్డాక. ఇవన్నీ నీ దిన్నె మీద, వాగు ఒడ్డున ఇప్పటికే ఉన్నాయి. కొనాల్సింది ఏమీ లేదు. కంది పూతలో కాయతొలిచే పురుగుకు మందు తప్పదు, తెలుసు. పురుగు లెక్క చూసుకొని, సాయంత్రం ఈగలు ఇళ్ళకు పోయాకే కొట్టించు.

తేనెటీగల పెట్టెలు తెచ్చుకుంటే సరిపోదా అని అడుగుతావు, నాకు తెలుసు, మీ ఇంజనీర్లు అన్నిటికీ పెట్టెలు కొంటారు. తెచ్చుకో, వద్దనను. అవి వంగ పువ్వును అదిలించలేవు. ఒక్క జాతి మీదే ఆధారపడితే 1990ల మొదట్లో తేనెటీగల పిల్ల పురుగులను చంపే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ వచ్చి దక్షిణాదిలో పెట్టెలకు పెట్టెలు ఖాళీ అయినట్టు అవుతుంది.

బుధవారం లోపు ఒక పని చేయి. సాయంత్రం ఆరున్నరకు టార్చి పట్టుకొని దిన్నె అంచున ఎండు గడ్డి పుల్లలు చూడు. నీలి చారల ఈగల్లో మగవాటికి ఇల్లు లేదు. దవడలతో పుల్లను కరచుకొని, కాళ్ళు వదిలేసి, ఒకే పుల్లకు వరసగా నిద్రపోతాయి. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి నాకు ఫోన్ చేయి. మా చెలకలో దిన్నె తిరిగి కంపెక్కడానికి వదిలేసిన నాలుగో ఏడు నాకు మొదటిసారి ఆరు కనిపించాయి.

నేను ఆదివారం వస్తాను. నీ పక్క చెలక వాళ్ళతో నేను మాట్లాడతాను. వాళ్ళ గట్టు కూడా నిలవకపోతే నీ గట్టు చెరువు దాకా అందదు, ఆ పెద్దాయనకు నా మాట మీద కొంచెం గురి ఉంది. జేసీబీకి అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే పోనీలే, రద్దు చేయకు. కింది కుంటలో పూడిక తీయించు.

ఇట్లు,
నీ మేనమామ