తాయిలం అంటే డెజర్టేనా?

సందేహం: మా కోడలు ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించింది: "అన్నం తింటేనే డెజర్ట్. రోజుకు ఒక్కసారే." మనవడికి ఆరేళ్లు. డెజర్ట్ ఎందుకమ్మా, తాయిలం అని రాయొచ్చు కదా అన్నాను. తాయిలం అంటే ఎలక్షన్లప్పుడు పంచేది కదా అత్తయ్యా అంది. ఎవరు రైటు?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: అమ్మా, మీ కోడల్ని ఏమీ అనకండి. ఆ అమ్మాయి ఆ మాటను చూసింది పేపర్లోనే. ఎన్నికల తాయిలాలు, బడ్జెట్ తాయిలాలు అని హెడ్డింగులు పెట్టి పెట్టి పసిపిల్లల మాటను లాగేసుకున్నారు. నాకు దీని మీద నిజంగానే కోపం. ఎర అనండి, లంచం అనండి, ఆ పనికి తెలుగులో మాటలకు కరువొచ్చిందా?

తాయిలం తల్లి పిల్లకు పెట్టేది. తమిళంలో తాయ్ అన్నా, కన్నడంలో తాయి అన్నా తల్లే. ఆ తల్లే మన తాయిలంలోనూ ఉందన్నది నా పక్షం, ఒప్పుకోనివాళ్లు ఉంటే ఉండొచ్చు, కానీ వాడుక చూడండి, పెద్దవాళ్లకు తాయిలం పెట్టారని ఎవరూ అనరు, పెళ్లిలో వడ్డించిన లడ్డూనూ అనరు. శ్రీకాకుళంలో మా అమ్మమ్మ నువ్వులూ బెల్లమూ రోట్లో దంచి చిమ్మిలి చేసేది. ఉండ మొత్తం ఎప్పుడూ ఇచ్చేది కాదు. సగానికి విరిచి, ఆ సగం నా ఎడంచేతిలో పెట్టి, వేళ్లు తనే మూసి, "ముందు కూడు తినీయ్‌రా" అనేది. (కూడు అంటే ఈమధ్య మొహం చిట్లిస్తున్నారు, మా వైపు అది నిండైన మాట.) నువ్వుల నూనె అరచేతికి దిగుతుంటే ఆ గుప్పిట విప్పకుండానే కుడిచేత్తో అన్నమంతా తినేవాణ్ణి. తాయిలమంటే అది. గుప్పిట్లో పట్టేంతే ఉంటుంది, బుజ్జగించి ఇస్తారు.

పోనీ మిఠాయి అనో చిరుతిండి అనో రాయొచ్చు కదా అంటారేమో. మిఠాయి హిందీ మీఠా నుంచి వచ్చింది. చిరుతిండి కారంగానూ ఉండొచ్చు.

ఇక డెజర్ట్. అది ఫ్రెంచివాళ్ల మాట, బల్ల మీది గిన్నెలు తీసేశాక పెట్టేది అని దాని పుట్టుక. మన విస్తట్లో బూరె, పరమాన్నం మొదటే పడతాయి, మజ్జిగతో లేస్తాం. పాతకాలపు ఆయుర్వేద వైద్యుడు సుశ్రుతుడూ ముందు తీపి, నడుమ పులుపూ ఉప్పూ, మిగతా రుచులు ఆ తర్వాత అనే చెప్పాడు. 'మధురేణ సమాపయేత్', అంటే తీపితో ముగించాలి అని ఎదురు చెప్పేవాళ్లున్నారు, ఆ మాట సభలకూ కచేరీలకూ బాగా నప్పుతుంది, విస్తరి దగ్గర మన అలవాటు వేరు. అందుకే చివరి తీపికంటూ మనకు వేరే మాట పుట్టలేదు.

కాబట్టి చుట్టాలకు భోజనాలయ్యాక ఇచ్చే ఐస్‌క్రీమును తాయిలం అనమని నేను చెప్పలేను. మీ మనవడి చేత అన్నం తినిపించడానికి దాచి ఉంచినదైతే మాత్రం, అది ఐస్‌క్రీమే అయినా, తాయిలమనే అంటాను.

కాగితంలో ఒక్కటి దిద్దించండి. 'తింటేనే' అన్నది బేరం, 'తిన్నాక' అన్నది వరుస. "అన్నం తిన్నాక తాయిలం" అని రాస్తే అది ఎలాగూ తనదేనన్న ధీమాతో పిల్లాడు ముద్ద ఎత్తుతాడు. 'రోజుకు ఒక్కసారే' బాగుంది, దాన్ని కదపొద్దు.