రసం పిండకు నాయనా

చి. రవికి,
పెదనాన్న ఆశీస్సులు. నీకు కోల్‌కతా బదిలీ అయిందని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఇల్లు, ఆఫీసు సంగతులు నువ్వే చూసుకోగలవు. ఉద్యోగకాలమంతా ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో గడిపినవాణ్ణి కాబట్టి, ఆ రాష్ట్రంలో మిఠాయి ఎలా తినాలో మాత్రం నేను చెప్పాల్సిందే.

అన్నిటికన్నా ముందు, రసగుల్లాను పిండకు. మన పెళ్ళిళ్ళలో చూస్తూనే ఉంటావు. రెండు వేళ్ళతో నొక్కి, పాకమంతా గిన్నెలోకి కార్చి, మిగిలిన పిప్పి నోట్లో వేసుకుని, తీపి తగ్గించామని సంబరపడతారు. మన కాజాలాగా రసగుల్లాను వేరే వండి పాకంలో ముంచరు. పాలు విరగ్గొట్టి, నీరు వార్చి, ఆ ఛెనాను అరచేత్తో అదిమి అదిమి నున్నగా మెదిపి, ఉండలు చేసి, మరుగుతున్న పలచని పాకంలోనే ఉడికిస్తారు. పాకం చిక్కబడితే ఉండ పొంగదు. అందుకే మధ్యమధ్యలో నీళ్ళు చిలకరిస్తూ ఉంటారు. ఉడికేటప్పుడు లోపలికి చేరిన రసమే దాని ప్రాణం. చక్కెర భయం ఉంటే రెండు పిండి తినే బదులు ఒకటి నిండుగా తిను.

సాయంత్రం దుకాణం ముందు జనం గుమిగూడారంటే వేడి రసగుల్లా దిగిందని అర్థం. కొనేది ఒకటే కొని అక్కడే నిలబడి తిను. చెంచా అంచుతో నొక్కితే మెత్తగా తెగాలి, లోపల గట్టి ముద్ద తగలకూడదు. పళ్ళ కింద రబ్బరులా కిర్రుమంటే ఆ దుకాణానికి మళ్ళీ వెళ్ళకు. బాగ్‌బజార్‌లో నవీన్‌చంద్ర దాస్ 1868లో ఈ మెత్తని రసగుల్లా చేశాడని అక్కడివాళ్ళు గర్వంగా చెబుతారు. ఆయన కుమారుడి కాలంలో అది డబ్బాల్లోకి కూడా ఎక్కింది. డబ్బాది దూరదేశాల వాళ్ళకు వదిలెయ్. కోల్‌కతాలో ఉండి డబ్బా రసగుల్లా తినడం, గోదావరి ఒడ్డున ఉండి సీసా నీళ్ళు కొనుక్కున్నట్టు ఉంటుంది.

ఆఫీసులో ఒడిశావాళ్ళు ఉంటే ఒక్క జాగ్రత్త. రసగుల్లా ఎవరిదన్న తగువులో తలదూర్చకు. బెంగాల్ రసగుల్లాకు 2017లో, ఒడిశా రసగొలాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పూరీ జగన్నాథుడు రథయాత్ర ముగించుకుని గుడికి తిరిగి వచ్చే రోజున, అలిగిన లక్ష్మీదేవికి రసగొలా ఇచ్చి బుజ్జగించే ఆచారం వాళ్ళది. నువ్వు తెలుగువాడివి, రెండూ తిను, తీర్పు చెప్పకు. కటక్, భువనేశ్వర్ మధ్య పహల దగ్గర దొరికే గోధుమరంగు రసగొలా నాకు చాలా ఇష్టమన్న సంగతి మాత్రం బెంగాలీల ముందు అనకు.

వేయించి పాకంలో వేసేవి వేరే జాతి. పాంతువా, లెడికెని, లాంగ్చా. వీటిని గోరువెచ్చగా తినాలి. ఫ్రిజ్‌లో పెడితే నెయ్యి పేరుకుని బిరుసెక్కుతాయి. లెడికెనికి ఆ పేరు గవర్నర్ జనరల్ భార్య లేడీ కానింగ్ వల్ల వచ్చిందంటారు. పని మీద దుర్గాపూర్ వైపు వెళ్తే, బర్ధమాన్ చేరకముందే శక్తిగఢ్ దగ్గర రోడ్డు పొడవునా లాంగ్చా దుకాణాలే. డ్రైవరును అడగనక్కర్లేదు, తనే ఆపుతాడు.

భోజనానికి పిలిస్తే, మనలా విస్తట్లో మొదట తీపి పడుతుందని చూడకు. చేదు కూర శుక్తోతో మొదలై చేప, చట్నీ, అప్పడం దాటాకే మిఠాయి వస్తుంది. కాబట్టి అన్నం దగ్గరే కడుపు నింపుకోకు. పళ్ళెం ఖాళీ అయితే ఇంకొకటి వేస్తారు. చాలనుకుంటే ఒక ముక్క పళ్ళెంలో ఉంచి మాట్లాడుతూ కూర్చో. విజయదశమి తరువాత పెద్దల ఇళ్ళకు వెళ్తే ప్రతి ఇంట్లోనూ మిఠాయి పెడతారు. వద్దంటే నొచ్చుకుంటారు. ఆ రోజుల్లో మధ్యాహ్నం భోజనం తగ్గించుకో.

చలికాలం కోసం మాత్రం కాచుకుని ఉండు. మన దగ్గర కల్లు గీసే ఈతచెట్టు నుంచే అక్కడ రసం తీసి బెల్లం కాస్తారు. అదే నొలెన్ గుడ్. ఆ బెల్లపు పాకంలో వేసిన రసగుల్లా లేత గోధుమరంగులో ఉంటుంది, కాస్త పొగ వాసన వేస్తుంది. నన్నడిగితే బెంగాల్‌లో దానికి మించిన తీపి లేదు. వేసవిలో ఎవరైనా అది ఇస్తామంటే నమ్మకు, ఎసెన్సు కలిపి ఉంటారు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు రసగుల్లా కుండ రైల్లో తేకు. ప్రయాణం పూర్తయ్యేలోపు పులుస్తుంది, లేదా పైబెర్తు నుంచి ఎవరి నెత్తిమీదో కారుతుంది. పాటాలీ అని అచ్చుల్లో పోసిన గట్టి ఈతబెల్లం ఉంటుంది, అది కిలో పట్టుకురా. మీ పెద్దమ్మ పరమాన్నం వండుతానంటోంది. మీ నాన్నకు చక్కెర జబ్బు కదా, సంచి నేరుగా మా ఇంట్లోనే దించు.

ఇట్లు,
మీ పెదనాన్న