ఉద్యోగం వెతుక్కునే వేళ ఇంటి పనులు పెట్టుకోవచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో 9 ఏళ్ల 3 నెలలుగా టెస్టింగ్ చేస్తున్నాను. ఈ నెలాఖరుతో ఉద్యోగం పోతోంది. పరిహారం, సెలవుల డబ్బు కలిపి పన్ను పోను 5.2 లక్షలు వస్తాయి. ఎఫ్‌డీలు 2.8 లక్షలు, పీఎఫ్‌లో 8 లక్షలు ఉన్నాయి. బేసిక్ 40 వేలు. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 24 వేలు. తనకు షుగర్ ఉంది. బోడుప్పల్‌లో సొంతిల్లు, పై పోర్షన్‌కు 13 వేలు అద్దె వస్తుంది. ఇంటి ఖర్చు 42 వేలు, హోమ్‌లోన్ ఈఎంఐ 29 వేలు, ఇద్దరు పిల్లల ఫీజులు నెలకు సగటున 10 వేలు. మొన్న ఆదివారం స్నేహితులం కలిసినప్పుడు ఒకడు, ‘ఇప్పుడు ఖాళీయే కదా, దగ్గరుండి మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్ చేయించుకో’ అన్నాడు. 6.5 లక్షలకు కొటేషన్ కూడా వచ్చింది. ఇంకొకడు పీఎఫ్ మొత్తం తీసి లోన్ తగ్గించుకోమన్నాడు. బ్యాంకుకు తెలిసేలోగా హోమ్‌లోన్ మీదే ఇంకో 7 లక్షలు అదనపు అప్పు (టాపప్) తీసుకోమన్నాడు మరొకడు. నాలుగోవాడు తన కంపెనీలో రెఫర్ చేస్తానన్నాడు. పై స్లాబు కూడా కారుతోంది, దానికి మేస్త్రీ 70 వేలు అడుగుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: స్లాబు బాగు చేయించండి. కిచెన్, సీలింగ్ ఆపండి. పీఎఫ్ ముట్టుకోవద్దు, టాపప్ జోలికి పోవద్దు. రెఫర్ చేస్తానన్న మిత్రుడికి ఈరోజే రెజ్యూమె పంపండి. నలుగురూ మీ మేలు కోరే చెప్పి ఉంటారు. అయితే మీ ఇంటి లెక్క వాళ్ల ముందు లేదు.

ఆ లెక్క చూద్దాం. ఉద్యోగం పోయాక మీ ఇంట్లోకి వచ్చేది నెలకు 37 వేలు, పోయేది 81 వేలు. లోటు 44 వేలు. చేతికొచ్చే 8 లక్షలతో 18 నెలలు గడుస్తాయి. ఇకపై ప్రతి ఖర్చునూ రూపాయల్లో కాకుండా నెలల్లో కొలవండి. కిచెన్, సీలింగ్ కలిపి దాదాపు 15 నెలలు తినేస్తాయి. మిగిలేది మూడు నెలల పైచిలుకు. చేతిలో మూడు నెలలే ఉన్నవాడు వచ్చిన మొదటి ఆఫర్‌కే తలూపుతాడు, జీతం తగ్గించినా సరే అంటాడు. ఏడాదికి పైగా ఆగగలిగినవాడు బేరమాడతాడు. మీరు రెండోవారిగా ఉండాలని నా కోరిక.

మీరు రాయని డబ్బు ఒకటి ఉంది, గ్రాట్యుటీ. ఏళ్ల తరబడి పనిచేసినందుకు వెళ్లేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం అది. అయిదేళ్లు దాటిన మీకు అది హక్కు. బేసిక్‌ను 26తో భాగించి, 15తో, తర్వాత 9 ఏళ్లతో గుణిస్తే సుమారు 2.07 లక్షలు. 20 లక్షల పరిమితి లోపలే కాబట్టి పన్ను లేదు. 30 రోజుల్లో చెల్లించాలని చట్టం చెబుతోంది. ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితంలో ఆ వరుస విడిగా ఉందో లేదో చూసుకోండి. పరిహారంలోనే కలిపేశామంటే ఒప్పుకోకండి.

కారుతున్న స్లాబు సంగతి వేరు. నీళ్లు లోపలికి దిగితే ఇనుప చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. ఆ దశ వచ్చాక 70 వేలతో పోదు, పైగా పై పోర్షన్ వాళ్లు ఖాళీ చేస్తే 13 వేల అద్దె ఆగి లోటు 57 వేలకు పెరుగుతుంది. ఒకటిన్నర నెల ఖర్చు పెట్టి ఆ అద్దెను కాపాడుకుంటున్నారన్నమాట. జూన్‌లో వానలు మొదలయ్యేలోగా, స్లాబు బాగా ఎండి ఉన్నప్పుడే చేయించండి. మేస్త్రీకి మొత్తం డబ్బు ముందే ఇవ్వకండి. పని అయ్యాక చుట్టూ గట్టు కట్టి ఒకటి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, కింద చెమ్మ రాలేదని చూసుకున్నాకే చివరి 15 వేలు చేతికివ్వండి.

‘ఖాళీయే కదా’ అన్న మాటతో నేను అస్సలు ఏకీభవించను. ఉద్యోగం వెతకడం పూర్తి రోజు పని. మీ రంగంలో ఆటోమేషన్ టెస్టింగ్ నేర్చుకోకుండా ముందుకు పోవడం కష్టం, దానికి రోజూ కూర్చుని చదవాలి. పదకొండింటికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ పెట్టుకుంటే పక్క గదిలో డ్రిల్లింగ్ మిషన్ మోగుతూ ఉంటుంది. కార్పెంటరు పండక్కి ఊరెళ్లి పది రోజులకు గానీ రాడు. నెల అన్న పని మూడు నెలలు సాగుతుంది, కొటేషన్ కూడా అక్కడ ఆగదు. కొత్త ఉద్యోగంలో కుదురుకున్నాక, ఒక్కో గది చొప్పున, జీతంలోంచి చేయించుకోండి.

పీఎఫ్ విషయంలో మీ మిత్రుడు చెప్పింది పాత పద్ధతి. రెండు నెలలు నిరుద్యోగంగా ఉంటే ఖాతా మొత్తం ఖాళీ చేసుకునే వీలుండేది. 2025 అక్టోబరులో పీఎఫ్ సంస్థ (ఈపీఎఫ్‌ఓ) ధర్మకర్తల మండలి ఆ గడువును 12 నెలలు చేయాలని, 75 శాతం మాత్రం వెంటనే తీసుకునే వీలు ఉంచాలని నిర్ణయించింది. వీలుంది కదా అని తీయకండి. అంతకన్నా పెద్ద కారణం మీ పాస్‌బుక్‌లో ఉంది. పెన్షన్ కాలమ్ తెరిచి చూడండి. నెలనెలా 1,250 జమ అవుతుంటే మీరు పెన్షన్ పథకం సభ్యులే. నెలనెలా పెన్షన్‌కు అర్హత రావాలంటే 10 ఏళ్ల సర్వీసు కావాలి, మీకు 9 దాటింది. ఫారం పెట్టి ఆ పెన్షన్ సొమ్ము కూడా తీసేసుకుంటే ఇన్నేళ్ల సర్వీసూ చెరిగిపోతుంది. కొత్త కంపెనీలో చేరి అదే యూఏఎన్‌కు (మీ శాశ్వత పీఎఫ్ నంబరుకు) బదిలీ చేసుకుంటే ఏడాదిలోపే అర్హత వచ్చేస్తుంది. చివరి గీత ముందు ఆగిపోయినవాళ్లను చాలామందిని చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

టాపప్ గురించి: 7 లక్షలకు 9 శాతం వడ్డీ, పదేళ్లు అనుకుంటే ఈఎంఐ మరో 8,900 దాకా పడుతుంది. లోటు 53 వేలకు చేరుతుంది. ఉద్యోగం పోతోందని తెలిసి కూడా దరఖాస్తులో దాచడం తప్పుడు సమాచారం ఇచ్చినట్టే. ఆ దారి వద్దు.

నెలాఖరులోపు చేయాల్సిన పనులు రెండు ఉన్నాయి, వీటికి గడువు తక్కువ. కంపెనీ ఇచ్చిన గ్రూపు ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. అది ముగిసేలోగా అదే బీమా సంస్థలో కుటుంబ పాలసీకి మారతామని దరఖాస్తు పెట్టండి. అలా మారితే గ్రూపు పాలసీలో గడిపిన కాలం వెయిటింగ్ పీరియడ్‌లో, అంటే పాత జబ్బులకు బీమా వర్తించేదాకా ఆగాల్సిన కాలంలో, కలుస్తుంది. విడిగా కొత్త పాలసీ తీసుకుంటే మీ ఆవిడ షుగర్ చికిత్సకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్‌టీ లేదు కాబట్టి ప్రీమియం కొంత తేలికే. టర్మ్ పాలసీ (జీవిత బీమా) లేకపోతే అదీ ఇప్పుడే తీసుకోండి. బీమా సంస్థలు ఆదాయ రుజువు అడుగుతాయి, జీతం స్లిప్పులు తాజాగా ఉన్నప్పుడే పని సులువు.

డబ్బు ఎక్కడ పెట్టాలి? రెండు నెలల లోటు సేవింగ్స్‌లో ఉంచి, మిగతాది మూడు, ఆరు, తొమ్మిది నెలల ఎఫ్‌డీలుగా విడగొట్టండి. షేర్లలో ఒక్క రూపాయీ వద్దు.

డబ్బు కడితే ఉద్యోగం ఇప్పిస్తామని, బ్యాక్‌డోర్‌లో ఆఫర్ లెటర్ తెస్తామని ఫోన్లు వస్తాయి. డబ్బు అడిగితే ఫోన్ పెట్టేయండి. అప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి.

ఉద్యోగం వచ్చాక ఈ ఏడాది పాత కంపెనీలో వచ్చిన ఆదాయాన్ని కొత్త కంపెనీకి చెప్పండి. చెప్పకపోతే రెండు చోట్లా పన్ను తక్కువగా కోస్తారు, రిటర్ను వేసేటప్పుడు ఒక్కసారిగా కట్టాల్సి వస్తుంది. ఆరు నెలలైనా ఉద్యోగం దొరక్కపోతే అప్పటి బ్యాలెన్సు, వచ్చిన ఆఫర్ల వివరాలతో మళ్లీ రాయండి. ఎంత తక్కువ జీతానికి ఒప్పుకోవచ్చో అప్పుడు లెక్క వేద్దాం.