సమాధానం: ప్యానెళ్లు ఉన్నా టీచర్లు వాడట్లేదు, కారణం ఎలా పట్టుకోవాలి?

క్లాసుల్లో డిజిటల్ ప్యానెళ్లు (బోర్డులా వాడే పెద్ద టచ్ తెరలు) పెట్టినా టీచర్లు ఎందుకు వాడట్లేదని మీరు చేసిన సర్వేలో అందరూ "ట్రైనింగ్ కావాలి" అనే రాశారంటే, చిక్కు ఫారంలోనే ఉంది. హెచ్‌ఎం పేరుతో కాగితం వస్తే ఎవరైనా ఇబ్బంది లేని జవాబే రాస్తారు.

1. టీచర్‌ని అడిగి, ఐఎఫ్‌పీ (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్, అంటే ఈ టచ్ తెరే) ఉన్న క్లాసులో వెనక బెంచీలో పూర్తి పీరియడ్ కూర్చోండి.

2. బెల్ కొట్టినప్పటి నుంచి తెర మీద పాఠం కనపడేదాకా ఎన్ని నిమిషాలో రాసుకోండి. కారణం వెతికేటప్పుడు చాలామంది చూడకుండా వదిలేసేది ఈ లెక్కే. 45 నిమిషాల్లో పది నిమిషాలు కరెంటుకో, నెట్‌కో, పాస్‌వర్డ్‌కో పోతుంటే, ఎంత ట్రైనింగ్ ఇచ్చినా టీచర్లు సుద్దముక్కే పట్టుకుంటారు. పాపం, సిలబస్ పూర్తి చేయాల్సింది వాళ్లే కదా!

3. ప్యానెల్ వెంటనే తెరుచుకున్నా వాడట్లేదా? విడిగా అడగండి. పిల్లల ముందు తడబడతానన్న టెన్షన్ కావచ్చు. క్లాసులో టెక్నాలజీ వాడకంపై పరిశోధన చేసిన పెగ్గీ ఎర్ట్‌మర్ 1999లోనే పరికరాలు, టైమ్ లాంటి బయటి అడ్డంకులనూ ఇలాంటి లోపలి వాటినీ వేరుచేసి చూపారు. లోపలిదైతే, బాగా వాడే తోటి టీచర్‌ని రెండు పీరియడ్లు పక్కన ఉంచండి.